మూడు వరసల పచ్చ పట్టీ

మా ఓనరుకు చెట్లు పెంచమని నోటీసు ఇస్తే గోడకు రంగు వేయించాడు. మా కంకర గని సంగతి ఈ ఒక్క ముక్కతో చెప్పేయవచ్చు. కానీ అంతటితో ఆపితే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఆ తెలివిని పూర్తిగా చూడాలంటే గోడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేయాలి.

గని మాంగో అనే పేట దాటాక, ఇళ్ళు పలచబడి కొండలు దగ్గరపడే చోట ఉంది. నేను ఉండేది సీతారాండేరాలో. పొద్దున్నే షేర్ ఆటోలో సువర్ణరేఖ వంతెన దాటి మాంగోలో దిగితే, అక్కడి నుంచి గని జీపు తీసుకెళ్తుంది. నల్లరాతి కొండను పేల్చి, ఆ బండలను క్రషర్‌లో వేసి, కంకర చేసి లారీల్లో పంపుతారు. కంకర రోడ్లకూ, రైలు పట్టాల కిందకూ, మేడల స్లాబుల్లోకీ పోతుంది. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోదు. అది గని పక్కన ఉన్న బస్తీకి మేము ఉచితంగా ఇచ్చే సరుకు.

నా కుర్చీ వెనకాల గోడ మీద పర్యావరణ అధికారి అని హిందీలో రాసి ఉంటుంది. కెమిస్ట్రీ చదివిన మనిషి ఒకరు ఉంటే తప్ప అనుమతి కాగితం కదలదని ఎవరో చెబితే నన్ను పెట్టుకున్నారు. చేరిన కొత్తలో దుమ్ము గురించి ఒక మాట చెప్పబోతే ఓనరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు సంతకం ఎట్టమ్మా. గాలి సంగతి దేవుడు సూసుకుంటాడు."

దేవుడి పటం ఆఫీసు గదిలోనే ఉండేది. దానికి రోజూ అగరొత్తి వెలిగించేవారు. పటం మీది దుమ్ము మాత్రం ఏడాదికోసారి, విశ్వకర్మ పూజ ముందు తుడిచేవారు.

ఆ గనిలో నియమాలు పాటించే పద్ధతి బయటివాళ్ళకు చెబితే నమ్మరు. గాలిలో ధూళి ఎంత ఉందో పట్టి చూసే యంత్రం ఒకటి కొన్నారు. ఖరీదైన వస్తువు, దుమ్ము పడి పాడైపోతుందని దానికి గోనెసంచి కప్పి తాడుతో కట్టి ఉంచారు. ధూళి కొలిచే యంత్రానికి ధూళి తగలకుండా కాపాడటం ఒక్కటే ఆ గనిలో అందరూ శ్రద్ధగా చేసిన పని. రోడ్డు తడపడానికి నీళ్ళ ట్యాంకరు కూడా ఉంది. ఎవరైనా తనిఖీకి వస్తున్నారని ఫోను వస్తే అది గేటు ముందు అటూ ఇటూ తిరిగి కాసిని నీళ్ళు చల్లేది. మిగతా రోజుల్లో ఆ నీళ్ళు ఓనరు కట్టుకుంటున్న కొత్త ఇంటికి వెళ్ళేవి. పైన పటారం లోన లొటారం అనే మాట పుట్టించినవాళ్ళు మా గనిని చూసి ఉంటే ఇంకా గట్టి మాట పుట్టించేవారు.

ఓనరు వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే, మాలాగే. ఆయన తండ్రి ఫ్యాక్టరీ గేటు బయట కూలి పనికి నిలబడిన మనిషి. కొడుకు లారీ కొన్నాడు, తర్వాత లారీలు కొన్నాడు, తర్వాత కొండ కొన్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతాడు, రెండూ చదవడు. చదివి పెట్టడానికి బావమరిది ఉన్నాడు, గని మేనేజరు అతనే. అతను హిందీ మీడియంలో చదువుకున్నాడని చెబుతారు. బడికి వెళ్ళిన మాట నిజమే అయి ఉంటుంది.

గని పక్క బస్తీలోనే మా పిన్ని ఇల్లు. అమ్మకు సొంత చెల్లెలు. బాబాయి కాంట్రాక్టు పనిలో ఉన్న రోజుల్లో కొంచెం జాగా కొని రెండు గదుల డాబా వేసుకున్నారు. అప్పటికి గని లేదు. బాబాయి పోయాక పిన్ని వడియాలు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. బూడిదగుమ్మడి వడియాలు, పిండి వడియాలు, చల్లమిరపకాయలు. సంచి భుజాన వేసుకుని కద్మాలో, సీతారాండేరాలో తెలుగువాళ్ళ ఇళ్ళకు తిరిగేది. ప్యాకెట్టు మీద పేరు లేదు, బొమ్మ లేదు. నేను ఎక్కడ కనబడినా ఆడవాళ్ళు "మీ పిన్ని చెయ్యి చెయ్యేనమ్మా" అనేవారు. ఆ చేతి మీద పడ్డ పేరు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు.

వడియానికి ఎండ కావాలి, గాలి ఆడాలి. పిన్ని డాబా మీద పాత చీర పరిచి, దాని మీద వరసగా పెట్టేది. గని వచ్చాక ఎండతో పాటు బుగ్గి కూడా దిగింది. మా వాళ్ళు దుమ్మును బుగ్గి అంటారు. పైన ఇంకో చీర కప్పి చూసింది, లోపల వడియాలు ఎండక పులిసిపోయాయి. ఇంట్లో ఫ్యాను కింద పెట్టింది, ముక్క వాసన పట్టాయి. క్రషర్ మొదలయ్యే లోపు ఎండబెడదామని చూసింది, ఆ లేత ఎండ చాలలేదు. చివరికి ఒకనాడు కద్మాలో ఒక పెద్దావిడ ప్యాకెట్టు వెనక్కి ఇచ్చేసింది. మా ఆయన పంటికి రాయి తగిలింది, నీ చేతి మీద నమ్మకమే గానీ ఈసారికి వద్దు అందట.

"నమ్మకం అంటదేటే," అంది పిన్ని నాతో. "నమ్మకం ఉన్నోల్లు ఎనక్కి ఇత్తారేటి?"

ప్యాకెట్టు నా ముందుకు తోసింది.

"నువ్వు ఆ గనిలోనే కదే పని సేత్తావు. ఏటి సూత్తావక్కడ?"

"కాయితాలు సూత్తాను పిన్నీ."

"కాయితాల మీద బుగ్గి పడదేటి?"

"పడతాది. దులిపి సంతకం ఎడతాను."

పిన్ని నవ్వలేదు. తిరిగి వచ్చిన ప్యాకెట్టు విప్పి, ఒక్కొక్క వడియాన్నీ కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిస్తే పోయేది కాదది. పిండిలో కలిసిపోయి ఎండిన రాయి. ఆ పని చూస్తూ కూర్చోవడం నాకు కష్టమైంది.

ఆ వారమే బస్తీ ఆడవాళ్ళంతా కలిసి కాలుష్యం సంగతి చూసే ఆఫీసులో అర్జీ పెట్టారు. మొదటి సంతకం పిన్నిది. కొన్నాళ్ళకు ఒక అధికారి వచ్చాడు. క్రషర్ దగ్గరకు వెళ్ళకుండా చెట్టు నీడన నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇత్నా భీ నహీ హై" అన్నాడు. దుమ్ము మరీ అంత లేదట. అంత లేకపోతే రుమాలు ఎందుకో అడిగేవాళ్ళు అక్కడ లేరు. కానీ బస్తీ ఆడవాళ్ళు జీపు చుట్టూ మూగి కదలనివ్వకపోవడంతో నోటీసు ఇస్తానని ఒప్పుకుని బయటపడ్డాడు.

నోటీసు వచ్చే సమయానికి అమ్మకు కంటి ఆపరేషను అని నేను సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చిన రోజు జీపు మలుపు తిరగగానే మా ప్రహరీ గోడ కనబడింది. గోడ పొడుగునా మూడు పచ్చటి గీతలు. అడుగున ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి. తాడు పట్టి గీసినట్టు తిన్నగా గేటు నుంచి వెనక కంకర గుట్టల దాకా వెళ్ళి, అటు నుంచి చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరకు వచ్చాయి. ఓనరు ఇంట్లో ఏదో పెళ్ళి కాబోలు అనుకున్నాను.

బావమరిది గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"కైసా హై మేడమ్? నోటీసు పని హో గయా."

"ఏ పని?"

"హరిత్ పట్టీ. చారోం తరఫ్, తీన్ కతార్. సుట్టూ మూడు వరసల పచ్చ పట్టీ ఉండాలని రాసారు. ఏయించేసాం. రెండు కోటింగులు."

నోటీసు తీసి చూశాను. హరిత్ పట్టీ అనే ఉంది. ఆ ఆఫీసుల హిందీలో దానికి అర్థం గని చుట్టూ పెంచే చెట్ల వరసలు. దుమ్మును అక్కడికక్కడే ఆపడానికి పెంచుతారు. మన ఇళ్ళల్లో పట్టీ అంటే గోడకు అడుగున వేసే రంగు. మా వైపు పండగ ముందు సున్నం కొట్టి, కింద పట్టీ వేయకపోతే ఆ ఇంటికి కళ లేదంటారు. బావమరిది హిందీలో చదివాడు, బావ తెలుగులో విన్నాడు, మధ్యలో చెట్లు మాయమైపోయాయి. కాళ్ళ పట్టీలనుకుని క్రషర్‌కు గజ్జెలు కట్టించనందుకు మేము సంతోషించాలి.

మామూలుగా అయితే నేను పడి పడి నవ్వేదాన్ని. కానీ గేటు దగ్గర నిలబడితే పిన్ని డాబా కనబడుతుంది. దాని మీద పరిచిన చీర కూడా కనబడుతోంది. ఒళ్ళు మండిపోయింది.

తిన్నగా ఓనరు గదిలోకి వెళ్ళి, పట్టీ అంటే రంగు కాదని, చెట్లని చెప్పాను. దుమ్ము బస్తీ మీదకు పోకుండా మూడు వరసలు నాటాలని చెప్పాను. ఓనరు బావమరిది వైపు చూశాడు. బావమరిది ఫ్యాను వైపు చూశాడు. ఇద్దరూ సిగ్గుపడుతున్నారని ఒక నిమిషం భ్రమపడ్డాను.

"మూడు వరసల సెట్లంటే ఎంత జాగా తింటాయమ్మా?" అన్నాడు ఓనరు.

"గోడ ఎంట పోసిన కంకర గుట్టలు తీసేస్తే సరిపోద్ది సార్."

"తీసి ఏటి, నా నెత్తి మీద ఎట్టుకోనా?"

కాసేపు గడ్డం గోక్కున్నాడు. అంతలో మొహం వెలిగింది.

"ఆల్లు రాసిందేటి? పట్టీ. మనం ఏసిందేటి? పట్టీ. రంగు సూత్తే పచ్చ. ఆల్లదీ పచ్చే, మనదీ పచ్చే. తప్పెక్కడుందో నువ్వే సెప్పు."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడు ఈయన ముందు ఎంత నిజాయితీపరుడో నాకు అప్పుడు తెలిసింది. మాట అర్థం కాకపోవడం నేరమేమీ కాదు, నాకూ ఎన్నో మాటలు అర్థం కావు. కానీ పొరపాటని తెలిసిన మరుక్షణం దాన్ని వాదనగా మార్చుకునే ఆ గడుసుతనం చూస్తే నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

"అర్జీ ఎట్టినోల్ల నోరు మూత్తే సాలు," అన్నాడాయన. "మొదటి సంతకం ఎవుల్దిరా?"

"వడియాల ఆవిడది బావా. మేడమ్ కీ మౌసీ."

ఇద్దరూ నా వైపు చూశారు.

"మనోల్లే మరి," అన్నాడు ఓనరు, ఎంతో ప్రేమగా. "మనోల్లకి మనం అన్యాయం సేత్తామేటి?"

ఆయన ప్రేమ ఎలాంటిదో తొందరలోనే తెలిసింది. బావమరిది పిన్ని ఇంటికి వెళ్ళి, ఇక నుంచి నువ్వు పెట్టిన వడియాలన్నీ గనే కొంటుంది, కద్మా దాకా తిరగక్కర్లేదు, ఆఫీసరు వచ్చినప్పుడు మాకే ఇబ్బందీ లేదని ఒక్క మాట చెప్పు చాలు అన్నాడు. కొన్న వడియాలు గని మెస్సులో కూలీలకు వేయించి పెడతారట.

"బుగ్గి పడినవే కదా పిన్నీ. ఆల్ల పళ్ళకి తగలదా?" అని అడిగాను.

"రాళ్ళు కొట్టేటోల్లకి అదేటి లెక్క అన్నాడే ఆ అబ్బాయి. అయినా నాను తడిగుడ్డతో తుడిసి ఇత్తన్నాను."

పిన్ని ఎప్పుడూ లేనంత హుషారుగా కనబడింది. బజారుకు వెళ్ళి పెద్ద పెద్ద బూడిదగుమ్మడికాయలు తెచ్చుకుంది. నేను గని నుంచి వస్తూ ఆగితే చాలు, గుమ్మంలోనే పట్టుకుని అడిగేది.

"ఏటన్నారే? కారం సాలిందంటనా? ఉప్పు ఎక్కువైనాదేటి?"

కనుక్కుంటానన్నాను. మరునాడు మెస్సుకు వెళ్ళి వంటవాణ్ణి అడిగాను. అతనిది బీహారు. గరిటె ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"వడియం? వో క్యా హోతా హై?"

అదేమిటట. కూలీలకు రోజూ పెట్టేది అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర. వడియం అనే పదార్థం ఆ వంటింటి గడప తొక్కలేదు.

లారీలు తూచే కాంటా గది వెనక, పాత బెల్టులూ గ్రీజు డబ్బాలూ పడేసే గోదాం ఒకటి ఉంది. పిన్ని సంచులన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. ఆమె సంచి మూతిని చీర అంచు చింపిన పీలికతో కడుతుంది, ఆ ముడి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక్క ముడి కూడా విప్పలేదు. అడుగు సంచులను ఎలుకలు కొరికి, రుచి చూసి, వదిలేశాయి. ఎలుకలకు ఉన్నపాటి పట్టింపు కూడా మా గనివాళ్ళకు లేకపోయింది.

ఒక సంచి చంకన పెట్టుకుని బయటికి వచ్చాను. నన్ను ఎవరూ అడగలేదు. తీసుకెళ్ళి పిన్ని ముందు పెట్టాను. ఆమె ముందు ముడిని వేళ్ళతో తడిమి చూసింది.

"ఇది మొట్టమొదట ఇచ్చిందే," అంది. "ఒక్కటీ ఇప్పనేదేటే?"

"నేదు పిన్నీ. అన్నీ అలాగే ఉన్నాయి."

సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఎనక్కి ఇచ్చినా బాగుణ్ణు. కద్మా ఆవిడ నోట్లో ఎట్టుకునైనా సూసింది."

నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. సంచి తీసి లోపల పెట్టి వచ్చి, ఆ ఆఫీసరు మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగింది. వచ్చే వారం అన్నాను.

"బోయినం ఎడతారా ఆయనకి?"

"ఎట్టకుండా ఎలగ పిన్నీ? తనిఖీ అంటే అదే కదా."

"అయితే సరే," అంది.

తనిఖీ రోజు ట్యాంకరు గేటు ముందు తడిపింది. యంత్రానికి గోనెసంచి విప్పారు, కానీ దాన్ని ఆన్ చేయడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆఫీసు పక్క గదిలో మేకమాంసం, రొయ్యలు, పెరుగన్నం సిద్ధంగా ఉన్నాయి. అధికారి దిగగానే, "హరిత్ పట్టీ కహా హై?" అని అడిగాడు. ఓనరు చెయ్యి చాపి గోడ చూపించాడు.

అధికారి ఆ మూడు గీతల వైపు చాలాసేపు చూశాడు. ఎంత పనికిమాలిన అధికారి అయినా గోడకూ చెట్టుకూ తేడా తెలిసి ఉంటుంది కదా అనుకున్నాను.

"అచ్ఛా హై," అన్నాడు. "ధీరే ధీరే పేడ్ భీ లగా దీజియే."

బాగుందట. మెల్లమెల్లగా చెట్లు కూడా పెట్టమట. అంతటితో ఆగలేదు. గోడ వెనక దూరంగా కొండ మీది అడవి కూడా పడేలా, ఫోటో ఎక్కడి నుంచి తీయాలో తనే నిలబడి చూపించాడు. ఆ ఫోటో నేను చూశాను. అందులో మా గని అడవి మధ్యన తపోవనంలా ఉంది.

భోజనానికి కూర్చున్నాక అర్జీ మాట వచ్చింది. ఓనరు చేతులు జోడించి, ఆ ఆడమనిషి మా మనిషే సాబ్, ఆమె వడియాలు మా గనిలో అందరూ రోజూ తింటారు, నాకైతే అవి లేనిదే ముద్ద దిగదు అని హిందీలో చెప్పుకొచ్చాడు. ఏ ఇబ్బందీ లేదని ఆమె నోటితోనే చెప్పించడానికి బావమరిది అప్పటికే పిన్నికి కబురు పంపాడు. ఎద్దు ఈనిందని వాళ్ళే చాటింపు వేసి, దూడను తెమ్మని వాళ్ళే కబురు పెట్టుకున్నారు.

పిన్ని వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో స్టీలు డబ్బాతో గుమ్మంలో నిలబడింది.

"నమస్తే సాబ్. అర్జీ హమ్ హీ దియా థా."

అర్జీ పెట్టింది తనేనని చెప్పి డబ్బా మూత తీసింది. వేయించిన వడియాల వాసన గదంతా పట్టింది. అధికారి ఆకులో కొన్ని, ఓనరు ఆకులో కొన్ని, బావమరిది ఆకులో కొన్ని వడ్డించింది. ఓనరు దగ్గర వంగినప్పుడు తెలుగులో, మామూలు గొంతుతో చెప్పింది.

"మీ గోదాంలోయే బాబూ. ముడి నానే ఇప్పినాను."

అధికారికి తెలుగు రాదు. ఓనరుకు వచ్చు. ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

అధికారి ఒకటి తీసుకుని కొరికాడు. బాగుందన్నట్టు తల ఊపి, రెండోది నోట్లో వేసుకుని నమిలాడు. కరకరల మధ్య వేరే చప్పుడు ఒకటి వినబడింది. దవడ ఆగింది. వేలు నోట్లో పెట్టి, నాలుక మీది నుంచి నల్లటి రాతి పలుకు ఒకటి తీసి ఆకు అంచున పెట్టాడు. ఒక చేత్తో చెంప పట్టుకుని ఓనరు వైపు చూశాడు.

"ఆప్ రోజ్ ఖాతే హై?"

"జీ సాబ్," అన్నాడు ఓనరు. "రోజ్."

"తో ఖాయియే."

రోజూ తినేవారైతే తినమని. ఓనరు తిన్నాడు. బావమరిదికి ఉన్నట్టుండి ఫోను వచ్చింది, లేచి బయటికి పోయాడు. ఓనరు ఎటూ పోలేక, మా వైపు చూడకుండా నమిలాడు. ఆయన కొండ ఆయన పళ్ళ మధ్య నలుగుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. మింగి, "బాగున్నాయి" అన్నాడు.

"ఇంకొన్ని ఏసుకోండి బాబూ," అంది పిన్ని, పెళ్ళి పంక్తిలో వడ్డించే మనిషిలా. "మొగమాటపడకండి."

మళ్ళీ వేసింది. ఆయన మళ్ళీ తిన్నాడు. నాకు జాలి కలగలేదు. ఎంతో కాలానికి ఆ గనిలో ఒక పూట హాయిగా గడిచింది.

అధికారి పెరుగన్నం ముట్టుకోకుండా లేచాడు. బస్తీ వైపు గోడ వెంట గుట్టలు తీసి మూడు వరసల చెట్లు నాటేదాకా క్రషర్ ఆపాలని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. బస్తీ అంతా ఏళ్ళ తరబడి దుమ్ము మింగితే గుర్తు రాని చట్టం, ఒక్క పన్ను జివ్వుమనేసరికి అక్షరాలతో సహా గుర్తొచ్చింది. నాకు ఆయన మీద గౌరవం ఏమీ పెరగలేదు. ఆ పన్ను మీద మాత్రం కొంచెం పెరిగింది.

గుట్టలు కదిలాయి. మొక్కలు వచ్చాయి. క్రషర్ ఆగి ఉన్నన్నాళ్ళూ ఓనరు నాతో మాట్లాడలేదు. నన్ను తీసేస్తాడనుకున్నాను గానీ తీయలేదు. మొక్కలు నాటినట్టు కాగితం మీద నా సంతకం కావాలి. తర్వాత క్రషర్ మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ట్యాంకరు కొంత నీళ్ళు మొక్కలకు పోస్తుంది, పోసేదాకా నేను అక్కడే నిలబడతాను. ఆ ఉద్యోగంలో నేను చేసే అసలు పని అదొక్కటే. గోడ మీది మూడు గీతలను ఎవరూ చెరపలేదు. మోకాలెత్తు మొక్కలు వాటి ముందు బూడిద పూసుకుని నిలబడి ఉంటాయి.

మోకాలెత్తు మొక్క దుమ్మును ఏం ఆపుతుంది? పిన్ని వడియాలు అమ్మడం మానేసింది. రెండిళ్ళల్లో వంట పనికి వెళ్తోంది. అప్పుడప్పుడు మాత్రం ఒక పళ్ళెంలో కాసిని పెట్టి డాబా మీద ఎండబెడుతుంది. ఎండాక ఒకటి వేయించి నోట్లో వేసుకుంటుంది. "ఇంకా తగుల్తంది," అని మిగతావి పారబోస్తుంది.

మొన్న ఓనరు కొత్త ఇల్లు పూర్తయింది. ట్యాంకరు నీళ్ళతో కట్టిన ఇల్లే. గృహప్రవేశానికి శ్రీకాకుళం నుంచి చుట్టాలు వస్తున్నారు, భోజనంలో వడియం లేకపోతే మాట వస్తుందని ఆయనకు బెంగ పట్టుకుంది. కొన్నవి పనికిరావట, చేత్తో పెట్టినవే కావాలట. స్వయంగా కారేసుకుని పిన్ని ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. పిన్ని కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది.

"అయిపోయిందేదో అయిపోనాదమ్మా," అన్నాడాయన. "మంచియి సేసి ఎట్టు. ఇక్కడ వద్దు, బుగ్గి పడతాది. మా కొత్త మేడ మీద ఎండెట్టుకో. ఆ పక్కకి బుగ్గన్నదే రాదు."

బుగ్గి ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో ఆయనకు అంత బాగా తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు. నేను నోరు తెరవబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. డాబా మెట్ల దగ్గరకు వెళ్ళి, అక్కడి నుంచి కనబడే గోడ వైపు, పచ్చ గీతల కింద నిలబడిన మొక్కల వైపు చూసింది.

"ఆ పట్టీ ఎదగనీండి బాబూ," అంది. "అది నా డాబా ఎత్తు ఎదిగినాక ఇక్కడే ఎండెట్టి ఇత్తాను."